మెయిల్ స్పామ్‌లో పడింది, మాట నా మీద పడింది

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం మా ముందుంది. పేరు, కంపెనీ పేరు వేయొద్దన్నారు. ఆమె చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆమెకు 31 ఏళ్లు, బీకాం చదివారు. చీమకుర్తి గ్రానైట్ స్లాబులను విదేశాలకు పంపే ఒక చిన్న కంపెనీ ఆఫీసులో నాలుగేళ్లుగా డాక్యుమెంటేషన్ చూస్తున్నారు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, చెక్క క్రేట్లకు ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్... కంటైనర్ కదలాలంటే కావలసిన కాగితమంతా ఆమె చేతుల మీదుగానే పోతుంది.

నెల దాటింది. వాయుగుండం భయంతో చెన్నైలో ఓడ షెడ్యూల్ మారింది. కంటైనర్లు పోర్టు గేటు లోపలికి చేరాల్సిన గడువును శనివారం నుంచి గురువారానికి జరిపారని, ఓడ బుకింగ్, కస్టమ్స్ పని చూసే సీహెచ్‌ఏ ఆఫీసు మంగళవారం మెయిల్ పెట్టింది. ఆ మెయిల్ ఆమెకు కనిపించలేదు. గురువారం ఎందుకో అనుమానం వచ్చి సెర్చ్‌లో సీహెచ్‌ఏ పేరు కొట్టి చూశారు. కొత్తదేమీ రాలేదు. శుక్రవారం పొద్దున సీహెచ్‌ఏ వాళ్లే ఫోన్ చేసి "బండ్లు రాలేదేంటి మేడమ్?" అని అడిగాక స్పామ్ తెరిస్తే మెయిల్ అక్కడుంది. కంగారులో 'నాట్ స్పామ్' నొక్కారు. సాయంత్రం ఓనర్ గారు కంప్యూటర్లు చూసే సర్వీసు అబ్బాయిని పిలిపించి అడిగితే, అతను తెరిచి చూసి "ఇన్‌బాక్స్‌లోనే ఉంది సార్, మంగళవారమే వచ్చింది" అన్నాడు. రెండు కంటైనర్లు తర్వాతి ఓడకు మారాయి. "ఏందమ్మా, మెయిల్ చూసుకోటానికే గదా నీకు జీతమిచ్చేది? ఈ చార్జీలన్నీ నీ జీతంలోనే పట్టుకుంటా" అని ఓనర్ గారు అందరి ముందూ అన్నారు.

ఆ మర్నాడే సర్వీసు అబ్బాయి ఏ మెయిలూ స్పామ్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చాడు. ఇప్పుడు ఇన్‌బాక్స్‌లోకి రోజుకు వందకు పైగా చెత్త వస్తోంది. అందులోనే రెండు వారాల కిందట సీహెచ్‌ఏ పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది, ఫ్రైట్ డబ్బులు ఈ కొత్త ఖాతాకు వేయండి" అని ఒకటి వచ్చింది. ఇన్వాయిస్ నంబరు, కంటైనర్ నంబర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అకౌంట్స్ చూసే పెద్దాయన ఆర్‌టీజీఎస్ ఫారం కూడా నింపారు. ఈమె వేరే పని మీద సీహెచ్‌ఏతో మాట్లాడుతూ మాటల్లో ఖాతా సంగతి ఎత్తబట్టి ఆగింది. ఇది ఓనర్‌కు ఇంతవరకూ చెప్పలేదు. ఇద్దరూ భయపడ్డారు.

ఇంకో మెలిక, పోలెండ్ కొనుగోలుదారు, ఈ కంపెనీ పంపే కొటేషన్లు తన స్పామ్‌లో పడుతున్నాయని అంటున్నాడు. "ఫిల్టర్ ఉంచాలా, తీసేయాలా? నేను చూడలేదన్నది అబద్ధం కాదని ఎలా చెప్పాలి? రాత్రి పన్నెండింటికి కూడా లేచి ఫోన్‌లో మెయిల్ చూస్తున్నాను, పాప 'పడుకోమ్మా' అంటోంది. ఉద్యోగం మానేయనా?" అని అడిగారు. స్పామ్‌లో పడ్డ ఆ గడువు మెయిల్ తాలూకు హెడర్ లైన్లు (మెయిల్ ఎక్కడి నుంచి ఏ దారిన వచ్చిందో రాసి ఉండే వరసలు) కొన్ని ఉత్తరం చివర అతికించారు. ఆ పని చేసినందుకు ఆమెకు కృతజ్ఞతలు, ఎందుకంటే జవాబు సగం అందులోనే ఉంది.

సమాధానం:

ముందుగా ఆ శుక్రవారం గురించే మాట్లాడదాం. మీరు అబద్ధం చెప్పలేదు. సర్వీసు అబ్బాయి కూడా అబద్ధం చెప్పలేదు. స్పామ్‌లో ఉన్న మెయిల్ మీద 'నాట్ స్పామ్' నొక్కగానే అది ఇన్‌బాక్స్‌లోకి వెళ్తుంది. వెళ్లి, నొక్కిన రోజు తేదీతో పైన కూర్చోదు. అసలు వచ్చిన రోజు తేదీతో, ఆ రోజు మెయిళ్ల మధ్యలో ఇరుక్కుంటుంది. శుక్రవారం సాయంత్రం దాన్ని చూసిన ఎవరికైనా అది మంగళవారం నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. అతను కళ్లతో చూసిందే చెప్పాడు. మీరు భయంలో చేసిన ఆ ఒక్క నొక్కుతో మీ సాక్ష్యం మీరే చెరిపేసుకున్నారు, అంతే. ఇంకోసారి ఇలా జరిగితే నొక్కే ముందు ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి.

గురువారం మీరు వెతికినా దొరకలేదని రాశారు. ఆ వాక్యం చదువుతుంటే నాకు కష్టంగా అనిపించింది. ఎందుకంటే మీరు బాధ్యతగా వెతికారు. జీమెయిల్‌లో మామూలుగా సెర్చ్ చేస్తే స్పామ్‌లోనూ, ట్రాష్‌లోనూ వెతకదు. సెర్చ్ పెట్టె పక్కనున్న ఆప్షన్లు తెరిచి 'మెయిల్, స్పామ్, ట్రాష్' అని ఎంచుకుంటేనే వాటిలోనూ చూస్తుంది. ఫోన్‌లో నోటిఫికేషన్ కూడా స్పామ్‌లో పడ్డవాటికి రాదు. ఈ రెండూ ఆఫీసుల్లో చాలామందికి ఎవరూ చెప్పరు. ఇంకొకటి కూడా తెలుసుకోండి. స్పామ్‌లో పడ్డది 30 రోజులు దాటితే దానంతటదే పోతుంది.

ఇక మీరు పంపిన హెడర్ లైన్లు. వాటిని పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాను. ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్‌కు అనుమతి ఉందా అని చూసే పరీక్ష) దగ్గర 'సాఫ్ట్‌ఫెయిల్', అంటే సరిపోలినట్టు లేదు అని ఉంది. డీకిమ్ (మెయిల్‌కు వేసే డిజిటల్ సంతకం) లైనే లేదు. 'రిసీవ్డ్' అన్న లైన్లలో, సీహెచ్‌ఏ సర్వర్ నుంచి తిన్నగా గూగుల్‌కు రావాల్సిన మెయిల్ మధ్యలో ఇంకో హోస్టింగ్ సర్వర్ గుండా తిరిగి వచ్చింది. మీ ఉత్తరంలోనే ఇంకోచోట రాశారు, కంపెనీకి మునుపు వేరే పేరుతో డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే పేరు) ఉండేదని, ఆ పాత ఐడీకి వచ్చేవి ఇప్పటికీ కొత్త ఐడీకి ఫార్వర్డ్ అవుతున్నాయని. సీహెచ్‌ఏలో ఆ మెయిల్ పెట్టిన గుమాస్తా మీ పాత ఐడీకి పంపాడు. నాకు తెలిసినంతలో గొడవంతా అక్కడ మొదలైంది.

ఇది మీ పని భాషలోనే చెప్తాను. ఒక కంపెనీ తన సరుకు ఏ ఏ లారీల్లో వస్తుందో ముందే జాబితా రాసి అందరికీ కనపడేలా పెట్టిందనుకోండి. ఆ జాబితాయే ఎస్‌పీఎఫ్. మీ గేటు దగ్గర వాచ్‌మన్ లారీ నంబరు చూసి జాబితాతో పోలుస్తాడు. సరుకును మధ్యలో మీ పాత గోడౌన్‌లో దించి, అక్కడి నుంచి వేరే లారీలో మీ గేటుకు పంపితే? సరుకు నిజమైనదే, పంపినవాడూ నిజమైనవాడే, కానీ లారీ నంబరు జాబితాలో ఉండదు. ఫార్వర్డ్ అయిన మెయిల్‌కు ఎస్‌పీఎఫ్ తప్పడం చాలావరకు ఇందుకే. డీకిమ్ అనేది కంటైనర్‌కు వేసే సీలు లాంటిది. లారీ మారినా సీలు తెగకపోతే సరుకు అసలు చోటు నుంచే వచ్చిందని నమ్మొచ్చు. మీ సీహెచ్‌ఏ వాళ్లు సీలు వేయడం లేదు. లారీ నంబరు కలవలేదు, సీలు లేదు. పైగా సబ్జెక్టులో అంతా పెద్దక్షరాల్లో 'అర్జెంట్', మూడు ఆశ్చర్యార్థకాలు, జిప్ ఫైలు. ఏ ఫిల్టరైనా దాన్ని అనుమానిస్తుంది.

"ఇన్నాళ్లూ వచ్చినవే కదా, ఇప్పుడెందుకు పడుతున్నాయి?" అని మీ అకౌంట్స్ పెద్దాయన అడిగారని రాశారు. న్యాయమైన ప్రశ్న. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రెండూ పంపేవాళ్ల మీద నిబంధనలు బిగించాయి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలి. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకైతే రెండూ ఉండాలి, ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ అనే మూడోది కూడా ఉండాలి. ఆ లెక్క మీ ఆఫీసు ఖాతాకు తిన్నగా వర్తించదు గానీ, గాలి ఎటు వీస్తోందో అది చెప్తుంది. గుర్తింపు లేని మెయిల్ మీద అందరికీ అనుమానం పెరిగింది.

సరే, ఓనర్ గారి ముందు ఇదంతా ఎలా పెట్టాలి? మీ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో (కంపెనీలకు గూగుల్ ఇచ్చే మెయిల్ సేవలో) ఉంది కాబట్టి ఒక దారి ఉంది. అడ్మిన్ లాగిన్‌లో ఈమెయిల్ లాగ్ సెర్చ్ అని ఒకటుంటుంది. ఏ మెయిల్ ఎప్పుడు వచ్చింది, దాన్ని గూగుల్ ఏం చేసింది అన్న చిట్టా అది. 30 రోజుల లోపు మెయిళ్లయితే పంపినవాళ్ల పేరుతో వెతకొచ్చు. మీది నెల దాటింది, కనుక ఆ మెయిల్‌కున్న మెసేజ్ ఐడీ ఇవ్వాలి. 'షో ఒరిజినల్' నొక్కితే పైవరసలోనే అది కనిపిస్తుంది. పాతవాటికి వివరాలు తక్కువగా వస్తాయి కాబట్టి స్పామ్ అన్న మాట స్పష్టంగా దొరుకుతుందని నేను భరోసా ఇవ్వలేను. దొరక్కపోయినా హెడర్ లైన్లు మీ చేతిలో ఉన్నాయి. అసలు మెయిల్ తెరిచి వాటిని ఎప్పుడైనా చూపించొచ్చు.

ఆ అడ్మిన్ లాగిన్ సర్వీసు అబ్బాయి దగ్గరే ఉందని రాశారు. ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. ఒకటి, హెడర్ కాగితం తీసుకుని నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్లి "అతను చెప్పింది తప్పు సార్" అనడం. మీ మాట నెగ్గొచ్చు. కానీ అతను నలుగురిలో చిన్నబోతాడు. రేపు లాగ్ తీయాలన్నా, సెట్టింగ్ సరిచేయాలన్నా మీకు అతనే దిక్కు. రెండోది, ముందు అతనితో ఒంటరిగా మాట్లాడటం. "తమ్ముడూ, నేను నాట్ స్పామ్ నొక్కాక నువ్వు చూశావు, అందుకే ఇన్‌బాక్స్‌లో కనపడింది. ఒకసారి లాగ్ తీసి చూద్దామా?" అంటే, అతను ఒప్పుకోవడానికి దారి దొరుకుతుంది. దీనికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. అతను దాటవేస్తే అప్పుడు మొదటి దారి ఎలాగూ ఉంది. నేనైతే రెండోదాని వైపే మొగ్గుతాను. అతను మీ శత్రువు కాడు. మీలాగే, తెలిసినంతలో పని నెట్టుకొస్తున్న మనిషి.

ఓనర్ గారితో మాట్లాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆయనకు ఎస్‌పీఎఫ్ అక్కర్లేదు. ఓడ తప్పిపోయింది, మాట పోయింది, అదీ ఆయన బాధ. కాబట్టి 'నా తప్పు కాదు' అన్నచోట మొదలుపెట్టకండి. "మళ్లీ ఓడ తప్పకుండా ఉండటానికి ఏం చేయాలో రాసుకొచ్చాను సార్" అని మొదలుపెట్టండి. ఒక పేజీ చాలు. ఎలా జరిగిందో రెండు వాక్యాలు, కింద హెడర్ లైన్లు, ఇకపై ఏం చేద్దామో నాలుగు వాక్యాలు. సరుకు లోడింగ్ నడిచే వేళ కాకుండా, ఆయన కుదురుగా కూర్చునే సమయం చూసుకోండి. జీతంలో పట్టుకుంటానన్న మాట కోపంలో వచ్చిందని మీరే రాశారు, నేనూ అలాగే అనుకుంటున్నాను. ఒకవేళ నిజంగానే పట్టుకునే మాటయితే, నష్టాన్ని ఉద్యోగి నిర్లక్ష్యానికి అంటగట్టి జీతం కోసే ముందు ఆ ఉద్యోగి సంజాయిషీ వినాలి. చట్టం చెప్పేది అదే. మీ ఒక్క పేజీ అప్పుడూ పనికొస్తుంది, కాబట్టి దానికొక కాపీ ఇంట్లో పెట్టుకోండి.

ఇప్పుడు మీరు దాచిన సంగతి. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఇదే.

బ్యాంకు ఖాతా మారిందని వచ్చిన మెయిల్‌లో పంపినవారి డొమైన్ మీరు రాసి పంపారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చూడండి. సీహెచ్‌ఏ వాళ్ల ఇంగ్లిష్ పేరులో ఎం ఉన్నచోట, దీంట్లో ఆర్, ఎన్ అనే రెండు చిన్నక్షరాలు అంటుకుని ఉన్నాయి. ఫోన్ తెర మీద ఆ రెండూ కలిసి ఎం లాగే కనిపిస్తాయి. పెద్దాయన కళ్లజోడు తప్పు కాదు అది. ఎవరో కావాలని కొని పెట్టుకున్న డొమైన్. అలాంటివాళ్లు తమ దొంగ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ పద్ధతిగా పెట్టుకుంటారు. లారీ నంబరు కలుస్తుంది, సీలు ఉంటుంది, పంపినవాడు మాత్రం వేరే. అందుకని ఫిల్టర్ తీయకుండా ఉంటే ఈ మెయిల్ ఆగేదని నేను చెప్పలేను. తీసేశాక ఆగే అవకాశమే లేకుండా పోయిందని మాత్రం చెప్పగలను.

ఇన్వాయిస్ నంబరు, కంటైనర్ నంబర్లు ఎలా సరిపోయాయి? ఊహించి రాస్తే సరిపోవు. మీ ఆఫీసులోని ఏదో ఒక ఖాతానో, సీహెచ్‌ఏ ఆఫీసులోని ఖాతానో ఎవరో లోపలి నుంచి చదువుతున్నట్టుంది. అందువల్ల ఇది ఆ ఒక్క మెయిల్‌తో ముగిసిన వ్యవహారం కాదు. మళ్లీ వస్తారు. ఈసారి మీ పేరుతో పోలెండ్ ఆయనకు "మా ఖాతా మారింది" అని రాయొచ్చు. అప్పుడు పోయేది ఫ్రైట్ డబ్బు కాదు, సరుకు డబ్బు మొత్తం.

మిగతా విషయాల్లో ఏ దారి పట్టాలో మీ ఇష్టానికి వదిలేస్తాను గానీ, ఇది మాత్రం ఓనర్‌కు చెప్పండి, ఆలస్యం చేయకుండా చెప్పండి. మీరూ పెద్దాయనా కలిసి వెళ్లండి. తిడతారేమోనని భయం సహజం. కానీ డబ్బు పోలేదు. ఆపింది మీరే. చెప్పకుండా ఉండి, వచ్చే నెల నిజంగా డబ్బు పోతే, "ముందే తెలిసి ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నకు మీ ఇద్దరి దగ్గరా జవాబుండదు. చెప్పిన రోజే ఆఫీసులో అందరి పాస్‌వర్డ్‌లు మార్చించండి, రెండంచెల ధృవీకరణ పెట్టించండి. ప్రతి ఖాతా సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అన్న రెండుచోట్లా ఎవరూ పెట్టని నియమం ఏదైనా ఉందేమో చూడండి. లోపలికి చొరబడ్డవాళ్లు అక్కడ ఒక ఫార్వర్డ్ పెట్టుకుని వెళ్తారు, పాస్‌వర్డ్ మార్చినా కాపీలు వాళ్లకు పోతూనే ఉంటాయి. సీహెచ్‌ఏ వాళ్లకూ ఇదంతా చెప్పండి. ఇకపై ఖాతా మార్పు అన్న మాట ఏ మెయిల్‌లో కనిపించినా, మీ దగ్గర పాత డైరీలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఆ మెయిల్ కింద రాసి ఉన్న నంబరుకు చేయకూడదు, అది కూడా దొంగదే అయి ఉంటుంది. ఎప్పుడైనా డబ్బు వెళ్లిపోయిందని తెలిస్తే మాత్రం ఇంట్లో, ఆఫీసులో చర్చలు పెట్టకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఇక ఫిల్టర్ ఉంచాలా తీయాలా అన్న ప్రశ్న.

ఇప్పుడున్నట్టే తీసేసి ఉంచితే ఏ మెయిలూ స్పామ్‌లో దాక్కోదు, నిజమే. కానీ వంద చెత్త మెయిళ్ల మధ్య పడ్డ మెయిల్ కూడా దాక్కున్నట్టే. మీ కళ్లు అలసిపోతాయి, పన్నెండింటికి లేచేది అందుకే. అనుమానాస్పద ఫైళ్లు, దొంగ లాగిన్ పేజీలు కొత్తగా చేరిన ఉద్యోగి ముందుకూ, పెద్దాయన ముందుకూ ఒకేలా వచ్చి పడతాయి.

ఫిల్టర్ మళ్లీ పెట్టి, ముఖ్యమైన వాళ్లను అప్రూవ్డ్ జాబితాలో చేర్చడం ఇంకో దారి. సీహెచ్‌ఏ, షిప్పింగ్ లైన్, బ్యాంకు, పది మంది కొనుగోలుదారులు. ఇది మంచిదే, కానీ ఆ జాబితాలో 'ఆథెంటికేషన్ ఉండాలి' అన్న టిక్కు తీసేయకూడదు. తీసేస్తే, ఎవరైనా సీహెచ్‌ఏ పేరు పైన రాసుకుని పంపినా తలుపు తెరుచుకుంటుంది. టిక్కు ఉంచితే, సీలు వేయని సీహెచ్‌ఏ మెయిల్ పాత ఐడీ మీదుగా వచ్చినప్పుడు మళ్లీ స్పామ్‌లోనే పడొచ్చు. కాబట్టి వాళ్లతో రెండు మాటలు మాట్లాడాలి. కొత్త ఐడీకే పంపమనండి, పాతదాన్ని వాళ్ల అడ్రస్ బుక్‌లోంచి తీసేయమనండి. డీకిమ్ పెట్టుకోమనండి. మొదటిది ఇవాళే అవుతుంది. రెండోది వాళ్ల చేతిలో ఉంది, నెలలు పట్టినా పట్టొచ్చు.

డాక్యుమెంట్ల కోసం ఇద్దరు చూసే ఉమ్మడి ఐడీ పెడితే ఎలా ఉంటుందని మీరే అడిగారు. మీరు సెలవులో ఉన్నప్పుడు అది ప్రాణం పోస్తుంది. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. ఇద్దరు చూడాల్సినదాన్ని ఒక్కోసారి ఇద్దరూ చూడరు, 'ఆమె చూసి ఉంటుందిలే' అనుకుంటారు. పొద్దున ఎవరు, మధ్యాహ్నం ఎవరు అని పేరు రాసి పెట్టాలి. రెండోది, గూగుల్ గ్రూప్‌గా పెడితే అనుమానం వచ్చిన మెయిళ్లను ఆ గ్రూపు తనదగ్గరే ఆమోదం కోసం ఆపి ఉంచుతుంది. మీరు మీ స్పామ్ ఎంత వెతికినా అది కనపడదు. గ్రూపు పెట్టే రోజే ఆ పెండింగ్ చోటు ఎక్కడుందో సర్వీసు అబ్బాయిని అడిగి చూసుకోండి.

నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో కొన్నాళ్లు మెయిల్ వ్యవహారం నేనే చూశాను. హెల్త్ సర్టిఫికెట్‌లో ఒక తప్పు దిద్ది పంపమని కొనుగోలుదారు పెట్టిన మెయిల్ నాలుగు రోజులు స్పామ్‌లో ఉండిపోయింది. సరుకు సముద్రం మీద, కాగితం మా దగ్గర. ఆ నాలుగు రోజులూ స్పామ్ తెరవాలని తోచనిది నాకే. అందుకే మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను. ఆ తర్వాత మేం పెద్ద పనేమీ చేయలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం మూడింటికి స్పామ్ తెరిచి చూడటం, చూసినట్టు ఒక నోట్‌బుక్‌లో టైము వేసి సంతకం పెట్టడం. రోజుకు ఐదారు నిమిషాల పని. ఆ నోట్‌బుక్ వల్ల ఇంకో మేలు జరిగింది. ఎప్పుడైనా మాటొస్తే 'చూశావా లేదా' అన్న వాదనే లేకుండా పోయింది.

ఓడ గడువు లాంటివి మాత్రం ఏ ఫిల్టర్‌కూ వదిలేయకండి. లోడింగ్ ఉన్న వారం ప్రతి రోజూ పొద్దున సీహెచ్‌ఏకి ఒక ఫోన్. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన కోస్తాలో వాయుగుండాల కాలం, ఆ మూడు నెలలు మరీ ముఖ్యం. వాట్సాప్‌లో కూడా పెట్టమనండి, కానీ మెయిల్ మానేయనివ్వకండి. రేపు చార్జీల మీద గొడవ వస్తే చూపించడానికి మెయిల్ కావాలి.

పోలెండ్ ఆయన సంగతికొస్తే, అది మీ వైపు లోపం. మీ డొమైన్‌కు డీకిమ్ పెట్టలేదని, ఎస్‌పీఎఫ్‌లో పాత హోస్టింగ్ కంపెనీ పేరుతో ఒక రికార్డు, గూగుల్ పేరుతో ఇంకో రికార్డు ఉన్నాయని మీరు పంపిన స్క్రీన్ ఫొటోలో కనిపిస్తోంది. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే అది చెల్లదు, లేనట్టే లెక్క. పాతది తీసేసి గూగుల్‌ది ఒక్కటే ఉంచాలి. అడ్మిన్ లాగిన్‌లో డీకిమ్ తాళం తయారు చేసి, ఆ పొడుగాటి వరసను డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు రాసి ఉంచే పట్టికలో) అతికించి, మళ్లీ వచ్చి 'స్టార్ట్ ఆథెంటికేషన్' నొక్కాలి. చాలామంది అతికించి వదిలేస్తారు, ఆ చివరి నొక్కు మర్చిపోతారు. పనిచేయడానికి 48 గంటల దాకా పట్టొచ్చు. డీమార్క్ ఆ తర్వాత. మొదట ఏ చర్యా వద్దు, రిపోర్టులు మాత్రం పంపమని పెట్టి, కొన్ని వారాలు చూశాక బిగించొచ్చు. సర్వీసు అబ్బాయికి ఇదంతా కలిపి ఒక పూట పని. ఆ సందర్భంలోనే డొమైన్ ఎవరి పేరు మీద కొన్నారో, అడ్మిన్ లాగిన్ ఇంకెవరికైనా తెలుసో అడగండి. అతని పేరు మీదే ఉంటే కంపెనీ పేరుకు మార్పించమని ఓనర్‌కు చెప్పడం మంచిది. అతని మీద అనుమానంతో కాదు. అతను రేపు హైదరాబాద్ వెళ్లిపోతే మీ మెయిల్ తాళంచెవి కూడా వెళ్లిపోతుంది.

ఉద్యోగం మానేయాలా అన్నది చివరికి ఉంచాను. నాలుగేళ్లు ఓడ తప్పకుండా పంపిన చేయి మీది. ఆ పని తెలిసినవాళ్లు ఒంగోలులోనూ చీమకుర్తిలోనూ తేలిగ్గా దొరకరు, ఇంకోచోట మీకు పని దొరక్కపోదు. కానీ ఈ నిందతోనే బయటికి వెళ్తే, కొత్తచోట కూడా మొదటి మెయిల్ ఆలస్యమైన రోజు మీకు ఇదే దడ పుడుతుంది. కాగితం పెట్టి, మాట్లాడి, ఒక నెల చూడండి. ఓనర్ గారు విన్నాక కూడా నలుగురిలో అలాగే మాట్లాడితే, అప్పుడు వెతుక్కోవడం పారిపోవడం అనిపించుకోదు. ఈలోగా రాత్రిళ్లు మెయిల్ చూడటం మానండి. రాత్రి పన్నెండింటికి మీరు చూసినా ఆ వేళ బండి కదిలించలేరు. ఆఫీసు ఖాతా నోటిఫికేషన్లు ఎనిమిదింటికి ఆగిపోయేలా పెట్టుకోండి. నిజంగా అర్జెంటయితే సీహెచ్‌ఏ వాళ్లు ఫోన్ చేస్తారు, ఆ శుక్రవారం చేసింది కూడా ఫోనే కదా.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే ఆ పాత మెయిల్ తెరిచి మెసేజ్ ఐడీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డీకిమ్ పెట్టి రెండు రోజులయ్యాక పోలెండ్ ఆయనకు ఒక చిన్న మెయిల్ పంపి, ఎక్కడ పడిందో ఫోన్ చేసి అడగండి. ఆయన ఏమన్నాడో మాకు రాయండి. ఈసారి హెడర్ లైన్లు మొత్తం అతికించి పంపండి, చూసి చెప్తాను.